ప్రమోద టీచర్ అడిగిన ప్రశ్నలు

యూసుఫ్‌గూడలో రెండు సందుల మధ్య ఇరుక్కున్న ఒక చిన్న ప్రైవేటు బడిలో ప్రమోద ఇరవై రెండేళ్లు పెద్ద తరగతులకు తెలుగు చెప్పింది. ఆమె దిద్దిన నోటుపుస్తకాల్లో ఎర్ర సిరా కనపడేది కాదు. వ్యాసం చివర పెన్సిల్‌తో ఒకే ఒక్క ప్రశ్న రాసేది. "వాన పడింది, సెలవు ఇచ్చారు, చాలా సంతోషించాను" అని ఎవరైనా రాస్తే, దాని కింద "ఇంటికి పోయేటప్పుడు చెప్పులు కాళ్లకున్నాయా, చేతిలో ఉన్నాయా?" అని ఉండేది. మర్నాడు ఆ పిల్ల ఇంకో పేజీ నింపుకొచ్చేది.

ప్రమోదది సిరిసిల్ల. తండ్రి ధర్మయ్య మరమగ్గాల మీద పనిచేసేవాడు. తెలుగు పండిట్ శిక్షణ కోసం హైదరాబాద్ వచ్చిన కొత్తలో "మా నాయిన సాంచెల కాడ నిలవడి నిలవడి కాళ్లు వాసినయి" అని ఆమె వ్యాసంలో రాస్తే, లెక్చరర్ ఆ వాక్యాన్ని పైకి చదివి క్లాసును నవ్వించాడు. ప్రతి మాట చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి కాగితం వెనక్కిచ్చాడు. నాన్న కాళ్ల గురించి మాత్రం ఒక్క మాట అడగలేదు. పిల్లల రాతను అలా చదవకూడదని ప్రమోద ఆ రోజే అనుకుంది.

మూడేళ్ల కిందట ఆ బడికి వంశీధర్ అనే అతను వచ్చాడు. పిల్లల రాత మెరుగుపరచడానికి ఉచితంగా యాప్ తయారుచేసే 'కలంతోడు' అనే స్వచ్ఛంద సంస్థ అతనిది. పంజగుట్టలో ఆఫీసు. పిల్లలు ట్యాబ్ మీద వ్యాసం రాస్తే యాప్ తప్పులు చూపిస్తుంది, మార్కులు వేస్తుంది, సలహాలిస్తుంది. ఆ సలహాలను ఎవరూ పట్టించుకోకపోవడమే అతని బాధ. ప్రమోద టేబుల్ మీది నోటుపుస్తకాలు తిరగేస్తూ అరగంట అలాగే నిలబడిపోయాడు.

"మేడం, మా యాప్ 'ఇంకా వివరంగా రాయండి' అంటుంది. ఒక్కరూ రాయరు. మీరు చెప్పుల గురించి అడిగితే పేజీలు రాస్తున్నారు. మాకు కావాల్సింది ఇదే."

ఎనిమిది నెలల పాటు ప్రతి శనివారం ప్రమోద పంజగుట్ట వెళ్లింది. దాచుకున్న పాత నోటుపుస్తకాలన్నీ సంచుల్లో మోసుకెళ్లింది. ఎలాంటి వాక్యం కనపడితే ఎలాంటి ప్రశ్న అడగాలో అక్కడి కుర్రాళ్లకు విడమరిచి చెప్పింది. తన ప్రశ్నలను నాలుగు వేలకు పైగా తానే టైపు చేసింది. అన్నేళ్లలో ఆమె చేసేదాన్ని ఒక విద్యగా గుర్తించినవాళ్లు అక్కడే దొరికారు. ఆ శనివారాల్లో ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లేది.

ఒక రోజు ఒక పాత నోటుపుస్తకం తీసి వంశీధర్ ముందు పెట్టింది. ఒక అమ్మాయి తన బాబాయి గురించి రాసిన పేజీ అది. దాని కింద ప్రశ్న లేదు. "ఇక్కడితో చాలు బిడ్డా. రేపు ఇంటర్వెల్‌లో నా దగ్గరికి రా" అని ఉంది.

"కొన్ని దగ్గర అడగొద్దు సార్. ఇసొంటిది వస్తే యాప్ ఆగాలె. టీచర్‌కు చెప్పాలె" అంది.

"చాలా మంచి పాయింట్ మేడం. తర్వాతి వెర్షన్‌లో పెడదాం" అంటూ అతను ల్యాప్‌టాప్‌లో రాసుకున్నాడు.

ఆ వెర్షన్ రాకముందే యాప్ నలభై బడులకు వెళ్లింది. ప్రమోద బడికీ వచ్చింది. "మీకు దిద్దే పని తప్పింది కదా" అంటూ యాజమాన్యం ఆమెకు ఇంకో రెండు సెక్షన్లు అప్పగించింది. నోటుపుస్తకాలు టేబుల్ మీదకు రావడం ఆగిపోయింది. వారానికోసారి మార్కుల పట్టిక మాత్రం ఫోన్‌కు వచ్చేది.

తొమ్మిదో తరగతిలో ధాత్రి అనే పిల్ల ఉండేది. తండ్రి లేడు. తల్లి వనిత మధురానగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో వంట చేసేది. "మా అమ్మ పని" అనే అంశం మీద ధాత్రి ట్యాబ్‌లో మొదట రాసింది ఏడు వాక్యాలే. అందులో ఒకటి, "హాస్టల్ సారు మంచివారు కాదు."

యాప్ అడిగింది: "అది నీకు ఏ రోజు తెలిసింది?"

ధాత్రి రాసింది. ఒక సాయంత్రం తను అమ్మను తీసుకురావడానికి వెళ్లింది. గేటు దగ్గర సారు అమ్మ సంచీ తీయమన్నాడు. టిఫిన్ డబ్బా మూత తెరవమన్నాడు. అందులో రెండు చపాతీలున్నాయి. హాస్టల్ అమ్మాయిలంతా మెట్ల మీద నిలబడి చూశారు.

"అప్పుడు అమ్మ చేతులు ఏం చేస్తున్నాయి?" అంది యాప్. కొంగుతో డబ్బాను తుడుస్తూనే ఉన్నాయని ధాత్రి రాసింది. "అమ్మ ఏమంది?" వీధి కుక్క కోసమంది. "ఆ చపాతీలు నిజంగా ఎవరి కోసం?"

"నా కోసం. రోజూ తెచ్చేది. నేను తినేదాన్ని."

పదికి ఆరు మార్కులు వచ్చిన వ్యాసం తొమ్మిదిన్నరకు చేరింది. తెర మీద ఆకుపచ్చ నక్షత్రం వెలిగింది.

ఆ ఏడాది దాతల కోసం జరిపిన సభలో సంస్థ ఒక పుస్తకం పంచింది. యాప్ ఎంచిన పది మంచి రాతలు అందులో వేశారు. అచ్చుకు ముందు వంశీధర్ దాన్ని ప్రమోదకు ఫోన్‌లో పంపి, ఒకసారి చూడమన్నాడు. ఆమె పదో తరగతి ప్రీఫైనల్ పేపర్ల గుట్ట ముందు కూర్చుని ఉంది. ఫైలు తెరవకుండానే "బాగున్నాయి సార్" అని జవాబు పెట్టింది.

ఆ పదిలో ధాత్రి వ్యాసం, పక్కన ఆమె ఫొటోతో సహా ఉంది. తల్లి పేరు, మధురానగర్ పేరు ఉన్నాయి. దాన్నే ఇంటర్నెట్‌లోనూ పెట్టారు. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుంటూ ఆ హాస్టల్‌లోనే ఉండే ఒక అమ్మాయి దాన్ని చూసి, పాపం అనుకుని, హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులో, ధాత్రి రాసిన హాస్టల్ సారు, యజమాని హనుమత్ప్రసాద్ కూడా ఉన్నాడు.

"ఏంటమ్మా, దొంగతనం నువ్వు చేసి, పుస్తకాలకి నన్నెక్కిస్తారా? రేపట్నుంచి రావద్దు" అన్నాడు వనితతో. అక్కడితో ఆగలేదు. ఆమెకు చేతివాటం ఉందని చుట్టుపక్కల హాస్టళ్ల వాళ్లందరికీ చెప్పాడు.

రెండు రోజుల తర్వాత వనిత బడికి వచ్చింది. వరండాలో నిలబడి ఫోన్ ప్రమోద చేతిలో పెట్టింది.

"మేడం, గిది నా బిడ్డ రాసిందేనా?"

ప్రమోద దాన్ని చదవడం అదే మొదటిసారి. ఇరవై రెండేళ్లలో ఒక పిల్ల అంత బాగా రాయగా ఆమె చూడలేదు. ప్రశ్నలు అచ్చులో లేవు. కానీ ఏ వాక్యానికి ముందు ఏ ప్రశ్న వచ్చి ఉంటుందో ఆమెకు తెలుస్తూనే ఉంది. అన్నీ తనవే.

"అబద్ధం ఏం రాయలే మేడం" అంది వనిత. "తీసిన. కుక్కకని చెప్పిన. మా అవ్వకు సుత ఈ ముచ్చట చెప్పలే. గా రోజు హాస్టలోళ్లు చూసిండ్రు, సరే. ఇప్పుడు మా గల్లీల కూరగాయలమ్మే ఆమె సుత చూసింది. రెండు రోజులాయె, బిడ్డతోని మాట్లాడుత లేను. దాని మొకం చూస్తే డబ్బనే యాదికొస్తున్నది."

"తప్పు నాది వనితా. ధాత్రిని అడిగిన ప్రశ్నలు నేను రాసినయే."

వనిత ఫోన్ కోసం చెయ్యి చాపింది. "అడిగినప్పుడు, ఇననీకె ఒక మనిషన్న ఉండాలె గద మేడం" అని ఫోన్ తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడే ప్రమోద పంజగుట్ట వెళ్లింది. వంశీధర్ మర్యాదగా కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు. ఇంటర్నెట్‌లోంచి ఆ పేజీని ఆమె ఎదుటే తీసేయించాడు. తర్వాత ఒక కాగితం చూపించాడు.

"పేరెంట్ సంతకం ఉంది మేడం. మేం పర్మిషన్ లేకుండా ఏదీ వెయ్యం."

"ఇంగ్లీషుల ఉన్నది సార్. అడ్మిషన్ ఫారాల మధ్యల పెట్టి సంతకం తీసుకున్నరు."

"మీకు కూడా పంపించాం కదా. బాగున్నాయన్నారు."

ప్రమోద ఆ కాగితాన్ని తిరిగి అతని వైపు జరిపింది. టీ చల్లారిపోయింది. అతనే, "మా సభలో అది చదివినప్పుడు ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు మేడం" అన్నాడు, ఆమెను ఓదార్చడానికే.

"వాళ్లల్ల ఒక్కరన్న, గా తల్లి ఇప్పుడెట్లున్నదని అడిగిండ్రా సార్?"

వంశీధర్ ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టేశాడు. చెడ్డవాడు కాదు. ఆ వారమే ఇంకో అరవై బడుల ఒప్పందం మీద సంతకాలు చేయాల్సి ఉంది.

"నా ప్రశ్నలు తీసేయుండ్రి" అంది ప్రమోద.

"అవి విడిగా లేవు మేడం. అందులో కలిసిపోయాయి. ఇప్పుడు అది సొంతంగా కొత్తవి అడుగుతోంది."

అక్కడి నుంచి ఆమె నేరుగా మధురానగర్ నడిచింది. హనుమత్ప్రసాద్ గేటు దాటి రానివ్వకుండానే మాట్లాడాడు. "టీచరు గారు, మీరంటే గౌరవమేనండీ. కానీ పిల్లలకి మీరు నేర్పేది ఇదా?" తర్వాతి రెండు ఆదివారాలు వనితను వెంటబెట్టుకుని ఇంకో తొమ్మిది హాస్టళ్లు తిరిగింది. అందరూ పేరు అడిగారు, పేరు విని మనుషులు సరిపోయారన్నారు. నలభై మందికి వండిన వనిత చివరికి యూసుఫ్‌గూడలో ఒక కర్రీ పాయింట్‌లో అంట్లు తోమే పనిలో చేరింది.

బడిలో ధాత్రి మామూలుగానే కనపడేది. నెల తర్వాత ప్రమోద ఆమె రాతలు అడిగి తెప్పించుకుని చదివింది. "అమ్మ దేవతతో సమానం. అమ్మ ప్రేమ సముద్రం వంటిది. అమ్మ రుణం తీర్చుకోలేనిది." ఒక్క అక్షరం తప్పు లేదు. అమ్మ నీ కోసం చేసిన ఒక పని చెప్పమని యాప్ అడిగితే, "అన్నీ చేస్తుంది" అని రాసింది. ఎనిమిది మార్కులు వచ్చాయి.

ఇంటర్వెల్‌లో పిలిచింది. "ఇట్లెందుకు రాస్తున్నవ్ బిడ్డా?"

"గిట్ల రాస్తే ఎవ్వలకేం కాదు మేడం."

"ట్యాబ్‌ల వద్దు. నోట్‌బుక్‌ల రాయి. నేనొక్కదాన్నే చదువుత, ఎవ్వలకు చూపియ్య."

ధాత్రి తలుపు వైపు జరిగింది. "అప్పుడు సుత మీరున్నరు గద మేడం. ట్యాబ్‌ల మీరే అడుగుతున్నరనుకున్న" అంది. బెల్లు కొట్టగానే క్లాసుకు వెళ్లిపోయింది.

తన క్లాసులో యాప్ వాడనని ప్రమోద యాజమాన్యానికి రాసిచ్చింది. ఒప్పందం ఉంది, కుదరదన్నారు. ఆమె పట్టు విడవలేదు. జూన్‌లో ఆమెను తీసి మూడో తరగతికి వేశారు. ఇప్పుడు ఆమె గుణింతాలు దిద్దిస్తోంది. వ్యాసాలు రాసే వయసు కాదు ఆ పిల్లలది.

ధాత్రి పదో తరగతి పాసైంది. తెలుగులో మంచి మార్కులే వచ్చాయని ఎవరో చెప్పారు.

మొన్నీమధ్య మైత్రీవనం దగ్గర బస్టాపులో ప్రమోదకు ఆ పిల్ల కనపడింది. పొడుగైంది. ముందుగా తనే "నమస్తే మేడం" అంది.

"ఏం చదువుతున్నవ్?"

"ఇంటర్ మేడం. సీఈసీ."

"అమ్మ?"

"మా మామ దగ్గరికి పోయింది, సిద్దిపేట. నేను గవర్నమెంట్ హాస్టల్‌ల ఉంటున్న."

బస్సు వచ్చింది. ధాత్రి జనంలోంచి దారి చేసుకుని ఎక్కేసింది. ప్రమోద ఎక్కాల్సిందీ అదే బస్సు. కానీ ఆమె అడుగు ముందుకు వేయలేదు. బస్సు పంజగుట్ట వైపు కదిలిపోయాక, సంచీ భుజం మార్చుకుని, ఇంకో బస్సు కోసం నిలబడింది.