మూట మీద నేను రాసిన పేరు

మా పెద్దమ్మ విత్తనాలను పరిశోధనా కేంద్రం వాళ్లే పాడుచేశారని రాయచూరు దగ్గర మా ఇడపనూరులో ఇప్పటికీ అంటారు. ఆ కోపంతో వాళ్లకు ఎవరూ గుప్పెడు గింజలు ఇవ్వడం లేదు. తప్పు నాది. అది నా చేతిరాతలోనే ఉండాలని ఇది రాస్తున్నాను.

నాకు బడి చదువు తక్కువ. కన్నడం రాయడం రాయచూరు గ్రంథాలయంలో కూర్చుని సొంతంగా నేర్చుకున్నాను. పరిశోధనా కేంద్రం వాళ్లు పాత రకాల విత్తనాలు సేకరించి, వేరే ఊళ్ల కేంద్రాలతో పంచుకుని, పండించాక ఇచ్చినవాళ్లకు కొంత తిరిగి ఇస్తారని అక్కడే చదివాను. పెద్దమ్మ దగ్గర వాళ్ల అత్తగారి నాటి సన్న ఎర్ర శనగ ఉండేది. వానలు లేక రెండేళ్లు పంట పోయి, ఒక్క డబ్బా మిగిలింది.

"అన్నీ ఇయ్యాల్నా?" అంది.

"నీ ఇంట్ల ఉంటే పురుగు తింటది పెద్దమ్మా. ఆడ భద్రం."

"పుస్తకాల పురుగువి, పురుగు సంగతి నువ్వే చెప్పాలె!" అని నవ్వి, పురుగు పట్టకుండా కలిపిన బూడిద దులిపి మొత్తం మూటలో పోసింది.

రైతు పలికిన పేరే రాయాలని ఒక పుస్తకంలో ఉంది. అందుకే మూట మీద కన్నడ అక్షరాలతో "శెనగ" అని రాశాను. కన్నడంలో పంట పేరు కూడా రాయమని కేంద్రంలో గుమాస్తా అడిగితే, ఇది చాలు, నేను పుస్తకంలో చదివానన్నాను. కన్నడంలో శనగను కడలె అంటారు, పల్లీలను శేంగా అంటారు. నేను శేంగా అని రాయబోయి తప్పు రాశాననుకుని, మూటను పల్లీల మీద పనిచేసే దూరపు కేంద్రానికి పంపారు. తొలకరికి విత్తబోతూ అక్కడ విప్పితే గింజగింజకూ రంధ్రం. ఒక అధికారి ఉన్నదున్నట్టు చెప్పి మూట తిరిగి పంపాడు. ఒక్కటీ మొలవలేదు.

"శెనగని చూస్తే తెల్వదా ఆళ్లకు?" అంది పెద్దమ్మ.

"మూట ఇప్పలే. పైన పేరు చదివి పల్లీలనుకున్రు."

"తప్పు పేరు ఎవరు రాసిన్రురా?"

"ఆళ్లే," అన్నాను.

ఆమె ఆ మాటే ఊరందరికీ చెప్పింది. మొన్న చలికాలంలో పోయింది.

నిజం దాచని ఆ అధికారికి, పుచ్చు గింజల్ని తడిగుడ్డలో కట్టి రోజూ విప్పి చూసిన మా వదినకు, ఈ కాగితాలు సరిచూసిన గ్రంథాలయం అమ్మగారికి రుణపడి ఉన్నాను. పెద్దమ్మకు చదవడం వచ్చేది కాదు. నోటితో చెప్పాల్సిన రోజు నేను చెప్పలేదు.