డాక్టర్ సాబ్ బీడీ అనుకున్న బొమ్మ

మా నార్పోలి మరమగ్గాల పేట డాక్టర్ సాబ్ పోయారు. సోమవారం పొద్దున ఆ కబురు వినగానే మా నాన్న మగ్గం ఆపి, చొక్కా మీది దూది కూడా దులుపుకోకుండా బయలుదేరాడు. ఏడుస్తూ రాయాలనే కూర్చున్నాను. కానీ ఆయన్ను తలుచుకుంటే ఏడుపుకంటే ముందు హుషారే పుట్టుకొస్తోంది. ఏం చేయను, అలాంటి మనిషి!

ఆయన దవాఖానాలో మందుకంటే ముందు పెన్సిలు చేతికొచ్చేది. చెప్పమంటే మా మరమగ్గాల వాళ్ళందరిదీ ఒకటే పాట, "ఒళ్ళంత నొప్పులు సాబ్" అని. అందుకని, "చెప్పకు, గియ్యి" అనేవారు. "నేనేమన్న బడికొచ్చిన్నా?" అని గొణుక్కుంటూనే ముసలివాళ్ళు కూడా గీసేవారు. వంకర గీత కనిపించినా చాలు, ఆయనకు పండగే.

ఓ ఏడాది నాన్నకు దగ్గు పట్టుకుంది. రెండడుగులు వేస్తే ఆయాసం. ఇక నాకు దక్కడేమోనని హడలిపోయాను. నాన్న గీసిన బొమ్మలో ఓ మనిషి, నోటి దగ్గర పొడుగాటి పుల్లలాంటిది. సాబ్ చూసీ చూడగానే, "బీడీ! దొరికిండు దొంగ. ముందు ఇది బంద్ చెయ్యి" అన్నారు. నాన్న జన్మలో బీడీ ముట్టలేదు. మందులు తీసుకోకుండానే లేచొచ్చాడు. మళ్ళీ ఆ గడప తొక్కనన్నాడు.

మర్నాడు నేనే వెళ్ళి గట్టిగా అడిగాను. "అది బీడీ కాదు సాబ్, నాడె. మగ్గంల అటు ఇటు ఉరుకుతది సూడు, అది. అండ్ల నూలు కండె మార్చినప్పుడల్ల దాని కన్నంలకెల్లి పోగును నోటితోని గుంజుతడు. దూదంత లోపటికే పోతది."

ఆయన కుర్చీలోంచి ఎగిరి లేచారు. "ఏది, సూపియ్యి!"

నా వెంటే మగ్గాల షెడ్డుకొచ్చి, అందరి ముందూ, "తప్పు నాది అన్నా" అన్నారు. అంతటితో ఊరుకోక, నాడె లాక్కుని తానే నోట పెట్టి గుంజి, కళ్ళనీళ్ళొచ్చేలా దగ్గారు. అందరూ ఒకటే నవ్వు. నాన్నే వీపు నిమిరి నీళ్ళు తాగించాడు. వారం తిరక్కుండానే పోగు లాగే సన్నని తీగ కొక్కేలు వంచి తెచ్చి పంచారు. "మీ షెడ్డు నాకు తెల్వదు, నా మందులు మీకు తెల్వయి. ఒకరికొకరం నేర్పుకోవాలె" అనేవారు. మందులూ కొక్కెమూ కలిసి, కొన్నాళ్ళకు నాన్న దగ్గు తగ్గుముఖం పట్టింది.

పోయిన నెల ఆయనే మంచాన పడ్డారు. నేనూ నాన్నా వెళ్ళాం. మాట కష్టంగా వస్తోంది. పెన్సిలు అడిగి, ఏదో గీసి నాన్నకిచ్చారు. నేను తొంగి చూసి, చెరువులా తోచి, "వరాలా తలావ్ కదా సాబ్..." అనబోయాను. "మనం గూడ బీడీ అనొద్దు" అని నా చెవిలో గొణిగి, నాన్న చెయ్యెత్తి నన్ను ఆపాడు. స్టూలు మంచానికి ఆనించి జరుపుకున్నాడు.

"నాకు సమజ్ కాలే సాబ్. తొందర లేదు. నువ్వే చెప్పు, నేనింట."

డాక్టర్ సాబ్ ముఖం విప్పారింది. కాగితం మీద ఓ మూలన వేలు పెట్టి, మెల్లగా మొదలుపెట్టారు.