పెద్ద చప్పుడు దరఖాస్తు

హోజిమాత్ అన్న పేలాలు పేల్చేవాడు. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఇందులో చెప్పుకోడానికేముందని మీరనుకోవచ్చు. ఈ ఒక్క ముక్క కాగితం మీదికెక్కేసరికి ఏమైందో చెప్తాను. రాసిన మహాతల్లిని నేనే కాబట్టి నాకే బాగా తెలుసు.

ఆయనకో ఇనప డబ్బా ఉండేది, పెద్ద గుమ్మడికాయంత. మొక్కజొన్న గింజలు పోసి, మూత బిగించి, మంట మీద గిరగిరా తిప్పేవాడు. డబ్బాకున్న ఒత్తిడి మీటరులో ముల్లు పదికి రాగానే దించి, మూతిని గోనెసంచిలో దూర్చి, బిగింపు మీద ఒక్క తన్ను తన్నేవాడు. ఢామ్మని పేలి సంచి నిండిపోయేది. రండర్రా అని ఆయన ఏనాడూ కేకెయ్యలేదు. చప్పుడు వినపడితే చాలు, మొహల్లా పిల్లలంతా ఖాళీ సీసాలూ తుప్పు రేకులూ పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాళ్ళు. సీసాకి గిన్నెడు పేలాలు. పిల్లలు బాంబు తాతా అని పిలిస్తే పలికేవాడు కూడా.

ఇప్పుడిది ఆఫీసు భాషలో వినండి. ఒక మనిషి ఖాళీ సీసాలూ ఇనపముక్కలూ పోగుచేస్తాడు. నడివీధిలో రోజుకి ఇరవైసార్లు పేలుస్తాడు. ఆ పేలుడుకి జనం గుమిగూడతారు. ఆయన్ని బాంబు అని పిలుస్తారు. ఒక్క మాటా అబద్ధం కాదు.

ఆ వసంతంలో ఎక్కడో దూరపు నగరంలో నిజంగానే బాంబు పేలింది. టీవీలో నాలుగు రోజులు అదే. దొంగమాటలెందుకు, నాకూ భయమేసింది. బస్సులో ఎవరిదో తెలియని సంచి కనపడితే మధ్యలోనే దిగిపోయేదాన్ని. అందుకే కొత్త రూలొచ్చినప్పుడు, మంచిపనే చేశారని నలుగురిలో అన్నదాన్ని కూడా నేనే. పెద్ద చప్పుడు ఏది చెయ్యాలన్నా మూడు రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. పెళ్ళిళ్ళలో నిలువెత్తు బూరాలు ఊదేవాళ్ళూ పెట్టాలి, హోజిమాత్ అన్నా పెట్టాలి.

ఆయనకి పాత రష్యా అక్షరాలే వచ్చు. దరఖాస్తేమో ప్రభుత్వం తర్వాత మార్చిన కొత్త అక్షరాల్లో. ఈ ముహయ్యో టీచరున్నది ఎందుకూ? ముప్పై నాలుగేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పాను. మా వీధి పోలీసాయన ఇల్యోస్‌బెక్ కూడా నా దగ్గర చదివినవాడే. ఆయన హోదా పేరు నివారణ ఇన్‌స్పెక్టర్. ఏం నివారిస్తావురా అనడిగితే, జరగనివన్నీ నేను నివారించినవే టీచరమ్మా అన్నాడు. ఆ ఫారం వాడే తెచ్చిచ్చాడు.

చప్పుడు ఉద్దేశం? పేలాలు. ఎన్నిసార్లు? ఇరవై. చివరి గడిలో, గుమిగూడేవారి వివరాలు. బుద్ధున్నవాళ్ళెవరైనా అక్కడ పిల్లలు అని రాసి ఊరుకుంటారు. నేను మాత్రం హాజరుపట్టీ రాశాను. పద్నాలుగు పేర్లు, తండ్రుల పేర్లు, వయసులు, ఇంటి నంబర్లు, వరసగా, గుండ్రంగా. గడి ఖాళీగా వదిలితే మార్కులు కోసేస్తానని వేలమంది పిల్లల్ని బెదిరించిన నోరిది, నేనే వదులుతానా? మీ దస్తూరి ఇప్పటికీ ముత్యాలే అన్నాడు ఇల్యోస్‌బెక్. నేను పొంగిపోయాను, నా మొహానికి.

అనుమతి వచ్చింది. రోజుకి ఇరవై అడిగితే ఒక్కటి ఇచ్చారు. సాయంత్రం నాలుగూ పది నుంచి నాలుగూ పన్నెండు లోపల. గింజలకి గడియారం చూడ్డం రాదు కదా. మీటరు ముల్లు ముందే పదికొస్తే పొయ్యార్పి కూర్చునేవాడు, ఆలస్యమైతే ఆ రోజుకి లేనట్టే. వారంలో రెండుసార్లు పేలితే గొప్ప. మిగతాదంతా మాడిపోయేది. అయినా అన్న విసుక్కోలేదు. రూలు అందరికీ ఒకటేలే అనేవాడు.

మే నెలలో ఒక బుధవారం సరిగ్గా నాలుగూ పదికి, సెకను తేడా లేకుండా, ఢామ్మంది. సరిగ్గా అదే నిమిషంలో పక్క రోడ్డు మీద ఎవరో పెద్దాయన కార్లు వెళ్తున్నాయి. నల్లకోట్లవాళ్ళు పదమూడుమంది కాలవలో పడుకున్నారు. లేచినవాళ్ళకి లేచినట్టు హోజిమాత్ అన్న దోసెడేసి పేలాలు పెట్టాడు, బట్టలు తడిసిపోయాయే పాపమని. అనుమతి కాగితం కూడా చూపించాడు. వాళ్ళు ఆయన్నీ, డబ్బానీ, సంచినీ, ఆ కాగితాన్నీ కలిపి తీసుకుపోయారు.

ఎక్కడికో ఎవరూ చెప్పరు. ఆయన భార్య ఓయ్‌నిసా వదినా నేనూ పోలీసు ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాం. ఒక కిటికీలో, ఇక్కడున్నాడని చెప్పలేమన్నారు. పక్క కిటికీలో, ఇక్కడ లేడని చెప్పలేమన్నారు. ఏ నేరం కింద పట్టుకున్నారంటే రహస్యం. ఎవరు పట్టుకోమన్నారంటే అదీ రహస్యం. మరి ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలంటే, గోడకున్న పెట్టె చూపించారు. దాని తాళంచెవి ఎవరి దగ్గరుంటుందంటే ఆ గుమాస్తా నావైపు జాలిగా చూశాడు. అన్నకి అరవై ఏడేళ్ళు, రక్తపోటు. మాత్రలు లేకపోతే రెండోరోజుకే కళ్ళు తిరుగుతాయి. వదిన మాత్రల పొట్లం కిటికీలో పెట్టింది. ఎవరో లోపలికి లాక్కున్నారు. తీసుకున్నారంటే లోపలే ఉన్నాడన్నమాట అని ఆవిడ రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది. మర్నాడు పొట్లం తీసుకోలేదు. ఆ మర్నాడూ అంతే.

తొమ్మిదో రోజు ఇల్యోస్‌బెక్ మా ఇంటికొచ్చాడు. వదిన నా పక్కనే ఉంది, ఒళ్ళో ఆ పొట్లం. పేలాలు పరీక్షకి పంపారట. పేలుడు పదార్థమేదీ లేదనీ, నమూనా మొత్తం పరీక్షలోనే ఖర్చయిపోయిందనీ, వీలైతే ఇంకో సంచి పంపమనీ జవాబొచ్చిందట. నవ్వొచ్చింది, ఆ పరిస్థితిలో కూడా. వాడు మాత్రం నవ్వలేదు.

"ఫైలు తెరిచాక ఊరికే మూసెయ్యలేరు టీచరమ్మా. అందులో ఏదో ఒకటి ఉండాలి. మీరిచ్చిన పేర్లున్నాయిగా. అవి నిజమేనని ఒక్క సంతకం పెట్టండి, అన్న రేపే ఇంటికొస్తాడు."

"ఆ పేర్లనేం చేస్తారు?"

"ఏం చెయ్యరు. ఉంటాయంతే."

"ఎన్నాళ్ళు?"

వాడు పెన్ను మూత తీసి నావైపు జరిపాడు.

"అందులో ఎదురింటి జుల్‌హుమోర్‌కి ఆరేళ్ళురా."

"పెద్దదవుతుంది కదా టీచరమ్మా."

నాలుగో తరగతిలో వీడి చెవి మెలేసిన చెయ్యే ఇది, అప్పుడు లేవలేదు. ఒళ్ళు మండింది, కానీ వదిన నా మొహంలోకే చూస్తోంది. పొట్లాన్ని అటూ ఇటూ తిప్పుతోందే తప్ప పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. పెట్టాను. సిగ్గుపడుతూనే చెప్తున్నాను, ఆ సంతకం కూడా గుండ్రంగానే వచ్చింది.

మర్నాడు అన్న వచ్చాడు. చిక్కిపోయాడు, మెట్టెక్కేటప్పుడు గోడ పట్టుకున్నాడు. ఎక్కడున్నావని అడిగితే, చెప్పనని రాసిచ్చానమ్మా అన్నాడు. ఏం రాసిచ్చావంటే, కొత్త అక్షరాలు కదా, ఏం రాసుందో తెలీదన్నాడు. రెండు వారాలకి డబ్బా కూడా తిరిగొచ్చింది, మీద తెల్లరంగుతో నంబరేసి.

ఈలోగా ఇల్యోస్‌బెక్ ఆ పద్నాలుగు ఇళ్ళకీ వెళ్ళొచ్చాడు. నివారణ సంభాషణ అంటారు దాన్ని. చప్పుడుకి ఎందుకు వెళ్ళావు, ఎవరు పిలిచారు అని పిల్లలందరి దగ్గరా సంజాయిషీ రాయించుకున్నాడు. జుల్‌హుమోర్‌కి ఇంకా రాయడం రాదు. అందుకని బొమ్మ వేయించాడు. ఒక తాత, ఒక మంట, ఒక గిన్నె. కింద తేదీ వేసి ముద్ర కొట్టారు.

జూన్‌లో మళ్ళీ అనుమతి వచ్చింది. ఈసారి చివరి గడిలో గీత కొట్టేశాను, బుద్ధొచ్చి. నాలుగూ పదకొండుకి ఢామ్మంది. ఒక్క తలుపు తెరుచుకోలేదు. హోజిమాత్ అన్న సంచి విప్పుకుని కాసేపు వీధి ఆ చివరా ఈ చివరా చూశాడు. చెవులు పనిచేస్తున్నాయా వీళ్ళకి అన్నాడు, తనలో తనే. ఎందుకు రావట్లేదో ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేనసలే చెప్పలేదు.

నేనే వెళ్ళి ఆయన పక్కన నించున్నాను. ఎదురింటి గేటు జానెడు తెరుచుకుంది. జుల్‌హుమోర్. పేలాల వాసనకి ముక్కు ఎగబీలుస్తోంది. రామ్మా, వేడిగా ఉన్నాయి, తాత నీకోసమే ఉంచాడు అన్నాను. అది పేలాలవైపు చూడలేదు. నా చేతులవైపు చూసింది.

"నేను రాలేదు టీచరమ్మా. రాలేదని రాయండి."

గేటు మూసుకుంది.