దొరసానికి మళ్ళీ కుక్కపిల్ల దొరకలేదు

మా ఆయన నాగర్‌కర్నూల్‌లో ఒక తెల్లదొర దగ్గర గుమాస్తాగా కుదిరాక, ఆ దొర బంగ్లా వెనుక ఉన్న రెండు గదుల ఇంట్లో మేము కాపురం పెట్టాం. దొర ఇంజనీరు. నల్లమల అంచుదాకా బండ్లు పోయేటట్టు బాట వేయించడానికి వచ్చాడు. పని ముగిసేదాకా ఉండి తిరిగి వాళ్ళ దేశం పోవలసినవాడు. వెంట ఆయన భార్య ఉండేది. ఆమెను అందరం దొరసాని అనేవాళ్ళం.

మా నాయన గద్వాలలో బడిపంతులు. ఆడపిల్లనని చూడకుండా ఇంటి దగ్గరే నాకు ఇంగ్లీషు నేర్పాడు. దాంతో నేను దొరసానికి దుబాసీనయ్యాను. పాలు పోసే ఆమెతో గాని, చాకలామెతో గాని, అంగట్లో కూరగాయలవాళ్ళతో గాని మాట్లాడాలంటే ఆమె పక్కన నేనుండాలి. ఆమెకు పిల్లలు లేరు. దొర పొద్దున పోతే మాపటికి వచ్చేవాడు. పగలంతా ఆమె వరండాలో కుర్చీ వేసుకుని రోడ్డు మీద పోయే మేకలను చూస్తూ కూర్చునేది. ఆ రోజుల్లో ఆమె మీద నాకు జాలే ఉండేది.

ఒకసారి దొర మోటారులో ఉప్పునుంతల అంగడికి పోయాం. అక్కడ ఒక ముసలి చెంచాయన తేనె, జిగురు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన వెనుక తల్లికుక్క, దాని పొట్టకు ఆనుకుని ఒక ఎర్రటి పిల్ల. దొరసాని తేనె సంగతి మరిచిపోయింది. నేల మీదనే కూర్చుని పిల్లను ఒళ్ళోకి తీసుకుంది.

"అది అమ్మేది గాదమ్మా," అన్నాడు ముసలాయన.

కన్నబిడ్డలా సాకుతానని చెప్పమంది దొరసాని. చెప్పాను. ఆయన ఆమె బూట్లను చూశాడు, మోటారును చూశాడు, చివరకు నా వైపు తిరిగాడు.

"ఈమె ఈడామె గాదు గద బిడ్డా. ఎప్పుడో ఒకనాడు పోతది. పోయేటప్పుడు దీన్ని తోల్కపోతదా? అడుగు."

అడిగాను. దొరసాని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నేనెక్కడుంటే ఇదీ అక్కడే. ఒకవేళ తీసుకుపోవడం కుదరకపోతే ఇతనికే తిరిగి అప్పజెప్తాను. ఆ మాట ఇస్తున్నానని చెప్పు," అంది. అక్షరం పొల్లుపోకుండా తెలుగులో చెప్పాను.

"నీ నోటితోని చెప్తున్నవు. నిన్ను నమ్మి ఇస్తున్న," అన్నాడాయన. బదులుగా ఇంత ఉప్పు మాత్రం తీసుకున్నాడు.

దొరసాని దానికి పెట్టిన పేరు మా నోళ్ళలో తిరిగేది కాదు. మాకు వాడు ఎర్రోడు. బాగానే పెంచింది, లేదనను. సబ్బుతో స్నానం, పాలలో నానేసిన రొట్టె, వరండాలో మెత్త. ఆమె లోపలికి పోతే గుమ్మం దగ్గర పడుకునేవాడు, బయటికొస్తే ముందు నడిచేవాడు. ఒక వానాకాలం ఆమెకు చలిజ్వరం పట్టుకుంటే మంచం కింది నుంచి కదలలేదు. వంట చేసే ఖానసామా మాంసం ముక్క చూపించి పిలిచినా రాలేదు. మధ్యాహ్నం పూట మాత్రం నా పొయ్యి దగ్గరికి వచ్చి, జొన్నరొట్టె అంచులు మాడినవి పెడితే కరకర నమిలేవాడు. వాడికి ఆమె భాషా అర్థమయ్యేది, నాదీ అర్థమయ్యేది.

బాట పని అయిపోయింది. బంగ్లాలో పెట్టెలు సర్దడం మొదలైంది. గాజు గిన్నెలను ఒక్కొక్కటే గడ్డిలో చుట్టి పెట్టిస్తుంటే నేనూ చెయ్యి సాయం పట్టాను. ఎర్రోడు ఆ గడ్డిలో పొర్లాడుతున్నాడు.

"వీణ్ణి ఎట్లా తీసుకుపోతారు?" అని అడిగాను.

"తీసుకుపోవడం లేదు," అంది పెట్టెలోకి చూస్తూనే. "ఓడలో చాలా కష్టం. దిగాక మా దేశంలో కుక్కలను నెలల తరబడి వేరే చోట బంధిస్తారు. వీడు తట్టుకోలేడు."

"అయితే ముసలాయనకు కబురు పెడదాం. అంగడి రోజు వస్తాడు కదా."

"మేము రేపే పోతున్నాం. అడవిలో అతన్ని ఎవరు వెతుకుతారు?"

"అయితే నాకివ్వండి."

అప్పుడు తలెత్తి చూసింది. నవ్వినట్టే నవ్వి అంది: "మీ వాళ్ళకు కుక్కను పెంచడం తెలియదమ్మా. నాలుగు రోజుల్లో వీధిలో పడి ఎముకలు ఏరుకుంటుంది. దానికంటే..." అని ఆగిపోయి, మరో గిన్నె అందుకుంది.

దానికంటే ఏమిటో మరునాడు పొద్దున తెలిసింది. దొర తుపాకి భుజాన వేసుకుని ఈల వేశాడు. కౌజు పిట్టల వేటకు పోతున్నామనుకుని ఎర్రోడు ఎగురుకుంటూ ఆయన కంటే ముందు పరుగెత్తాడు. ఇద్దరూ బంగ్లా వెనుక సీతాఫలం పొదల్లోకి పోయారు. నేను పొయ్యి రాజేస్తున్నాను. ఒక్కటే చప్పుడు. చెట్ల మీది కాకులన్నీ లేచాయి. దొర ఒక్కడే తిరిగి వచ్చాడు.

దొరసాని కళ్ళు తుడుచుకుంటూ నా గుమ్మం దగ్గరికి వచ్చింది. "వాడికి ఏమీ తెలియలేదు. నొప్పి లేదు. ఇదే దయ," అంది. ఆమె భాషలో ఆమె వాడిన మాటకు తెలుగు నాకు తెలుసు. అంతదాకా ఆమె అన్న ప్రతి మాటనూ ఎవరికో ఒకరికి చెప్పినదాన్ని, ఆ ఒక్క మాటను మాత్రం ఎవరికీ చెప్పలేకపోయాను.

మధ్యాహ్నం మోటారెక్కి పోయారు. తోటమాలి, నేను కలిసి గుంత తవ్వి ఎర్రోణ్ణి పూడ్చాం. బంగ్లాకు కాపలాగా, లెక్కలు అప్పజెప్పేదాకా మా ఆయనను ఉండమన్నారు.

తరువాతి అంగడి దాటాక ముసలాయన వచ్చాడు. దొరలు పోయారని ఎవరో చెప్పారట.

"కుక్కను తోల్కపోయిన్రా బిడ్డా?"

జరిగింది చెప్పాను. ఆయన అరుగు మీద కూలబడ్డాడు.

"రోగమొచ్చెనా?"

"లేదు."

"ఎవర్నన్న కరిచెనా?"

"లేదు పెద్దయ్యా."

"మరెందుకు?"

నేను లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చాను. "జర కబురన్న పెట్టకపోతిరి," అన్నాడు. ఇచ్చిన మంచినీళ్ళు తాగి, నా మొహం చూడకుండా పోయాడు. మాట తప్పింది ఆమె. కాని ఆ ముసలాయన చెవిలో ఆ మాట పడింది నా గొంతుతో. పళ్ళు కొరుక్కుంటూ ఆ పూట అన్నం ముందు కూర్చున్నాను. సముద్రం అవతల ఉన్న మనిషిని నేనేం చేయగలను?

ఆమె సముద్రం దాటనే లేదు. వాళ్ళు బొంబాయి చేరేసరికి యుద్ధం వచ్చి పడింది. ఓడలన్నీ సిపాయిలకే. కొన్ని వారాలు అక్కడ పడిగాపులు పడ్డాక, దొర పైవాళ్ళు ఆయనకు ఇటే ఇంకో బాట పని అప్పగించారు. దీపావళికి ముందర అదే మోటారు అదే బంగ్లా ముందు ఆగింది. దొరసాని దిగి నా చేతులు పట్టుకుని, "చూశావా, మళ్ళీ నీ దగ్గరికే వచ్చాను," అంది. "రండి," అన్నాను. లోపల నాకు పండుగలా ఉంది.

కొద్ది రోజులకే ఆమె నోరు తెరిచింది. "ఇల్లు బోసిగా ఉంది. ఆ ముసలాయన దగ్గర ఇంకో పిల్ల ఉంటుందేమో. ఒకసారి పోదామా?"

"తప్పకుండా పోదాం," అన్నాను.

దొర వేయించిన కొత్త బాట మీదనే మోటారు పోగలిగినంత దూరం పోయి, అక్కడి నుంచి కాలిబాటన చెంచుల పెంటకు, అంటే వాళ్ళ గూడేనికి చేరాం. నాలుగు గుండ్రటి గుడిసెలు. ముంగిట్లో ఆడవాళ్ళు అడవిలో ఏరిన చిల్లగింజలు చాటలతో చెరుగుతున్నారు. కుక్కలు నీడన పడుకుని ఉన్నాయి. తల్లికుక్క చుట్టూ కొత్త పిల్లలు. ముసలాయన గుడిసెలోంచి వచ్చాడు. దొరసాని చేతులు జోడించింది.

"చెప్పు. నాకు ఇంకో పిల్ల కావాలి. మొదటిదాన్ని చూసుకున్నట్టే చూసుకుంటాను."

నేను అందరికీ వినపడేటట్టు చెప్పాను: "ఇంకో పిల్లను ఇయ్యమంటుంది. మొదటిదాన్ని చూసుకున్నట్టే చూసుకుంటదట. మొదటిదాన్ని ఏం జేసిందో మీకు ఎర్కేనా? పోయేనాడు తుపాకితోని కాల్పిచ్చిపోయింది. ఓడ దొర్కక మళ్ల వచ్చింది."

చాటల చప్పుడు ఆగింది. ఒక ముసలామె లేచి రెండు పిల్లలను చంకన పెట్టుకుని గుడిసెలోకి పోయింది. ఇంకొకామె మరో రెండింటిని తీసుకుపోయింది. దొరసాని నవ్వు మొహం మీద అట్లాగే ఉండిపోయింది.

"మా దగ్గర కుక్కలు లెవ్వని చెప్పు బిడ్డా," అన్నాడు ముసలాయన.

చెప్పాను. "ఇన్ని కనబడుతున్నాయి కదా!" అంది ఆమె.

"ఇవి మావి. మేం యాడికి పోతే మాతోనే వస్తయి. ఆమెకిచ్చే కుక్క మా దగ్గర లేదు."

ఒక్కొక్క మాటా ఆమె భాషలోకి నిదానంగా మార్చి చెప్పాను. మంచి భోజనంలా ఉండింది నాకు ఆ పని. ఆమె మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవులదాకా పాకింది.

"వీళ్ళకు ఎవరు చెప్పారు?"

"ఇప్పుడే, నేనే."

"ఎందుకు?"

"అప్పుడు మీరిచ్చిన మాట చెప్పింది నేనే. అది ఏమైందో కూడా నేనే చెప్పాలి కదా."

ఆమె గిరుక్కున తిరిగి నడిచింది. నేనూ వెనుదిరిగాను. అప్పుడు ముసలాయన పిలిచి, గుడిసెలోంచి ఒక నల్లటి కుక్కపిల్లను తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "ఇది నీకు. ఆనాడు నీ మీద కోపం జేసిన. మనసుల పెట్టుకోకు," అన్నాడు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

మోటారులో వెనుక సీట్లో ఆమె, నేను పక్కపక్కన కూర్చున్నాం. పిల్ల నా ఒళ్ళోంచి ఆమె వైపు పాకింది. ఆమె వేళ్ళు కదిలాయి. నేను దాన్ని వెనక్కు లాక్కుని కొంగులో చుట్టుకున్నాను.

అక్కడితో ఆగలేదు నేను. దొర పని మీద వనపర్తి పోతూ మమ్మల్నీ తీసుకుపోతే, ఆమె నన్ను వెంటబెట్టుకుని బజారంతా తిరిగింది. ఒక ఇంట్లో పిల్లి ఈనిందని విని గడప ఎక్కింది. ఆ ఇల్లాలికి నేను చెప్పింది ఒకటే మాట: "పోయేనాడు సంపి పోతరమ్మా వీళ్లు." తలుపు పడింది. చిలుకలమ్మే ముసల్మాను కూడా పంజరానికి బట్ట కప్పేశాడు. నేను లేకుండా మాట్లాడబోతే ఆమె మాట ఎవరికీ అర్థం కాదు. నేనుంటే నేను చెప్పేదే అర్థమయ్యేది.

మా ఆయన తల పట్టుకున్నాడు. "ఏందే నీ పగ? కుక్క కోసం నా నౌకరి తీస్తవా?"

"పోతే పోనీ. గద్వాలకు పోదాం."

"ఆమె ఏడుస్తుందటనే లోపల. దొర చెప్పిండు."

"ఏడ్వనీ."

దొర ఆయనను తీసేయలేదు. లెక్కలు తెలిసినవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు దొరకలేదు మరి.

నా నల్లది ఆమె కళ్ళ ముందే పెరిగింది. బంగ్లా వెనుక వరండాలోంచి చూస్తే మా వాకిలి కనబడుతుంది. ఆమె బిస్కత్తు చూపించి చిటిక వేసేది. నల్లది చెవులు నిక్కించేది. నేను లోపలినుంచి "ఇటు రా" అనేదాన్ని, అది వచ్చేసేది. దానికి ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా నేర్పలేదు. పొద్దుగూకే వేళ వాకిట్లో దానికి రొట్టె పెట్టి, వీపు నిమురుతూ చాలాసేపు కూర్చునేదాన్ని. అంతసేపు నిమరవలసిన అవసరం దానికి లేదు. ఆమె చూస్తుందని నిమిరేదాన్ని.

ఒక సాయంత్రం ఆమె వచ్చి నా గడప మీద కూర్చుంది. అట్లా కూర్చోవడం అదే మొదలు.

"ఒక్కసారి ముట్టుకోనివ్వు."

"వద్దు."

"వాడు పోయిననాడు నేను పడ్డ బాధ నీకు తెలియదు."

"తెలుసు. మోటారెక్కేదాకా చూశాను."

ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. నల్లది నా కాళ్ళ దగ్గర అటూ ఇటూ తిరుగుతూ కుయ్యిమంది. దాన్ని లోపలికి తీసుకుని తలుపు వేశాను. జాలి కలగలేదా అని మా ఆయన అడిగాడు. కలిగింది. అయినా తలుపు తీయలేదు. మీ వాళ్ళకు కుక్కను పెంచడం తెలియదని అన్నది ఆ నోరే.

యుద్ధం ఇంకా నడుస్తుండగానే దొరకు దక్షిణాన ఎక్కడో పని పడి వాళ్ళు వెళ్ళిపోయారు. ఈసారి సర్దడానికి నన్ను పిలవలేదు. మోటారు కదిలేటప్పుడు ఆమె చూసింది నా వైపు కాదు, నల్లదాని వైపు. నేను చెయ్యి ఊపలేదు.

మా కొలువూ దాంతో ముగిసింది. మా నాయన గద్వాలలో మా ఆయనకు ఏదో రాతపని చూశాడు. సామాను బండిలో వేసుకుని, వనపర్తి మీదుగా కృష్ణ ఒడ్డుకు చేరాం. నది దాటించే గుండ్రటి పడవ, పుట్టి నడిపే ఆయన కుక్కను చూసి తల అడ్డంగా ఊపాడు.

"కుక్క ఎగిరిందంటే పుట్టి బోర్లపడ్తది తల్లీ. ఈడ్నే ఇడ్సిపెట్టుండ్రి. యాడనన్న బతుకుతది."

"అది రాకుంటే నేను రాను."

మా ఆయన బతిమాలాడు, కసిరాడు. నేను పెట్టె మీద కూర్చుని కదలలేదు. మాకంటే వెనుక వచ్చినవాళ్ళందరూ దాటిపోయారు. ఎండ వాలుతుంటే పుట్టి నడిపే ఆయనకే విసుగు పుట్టింది. "కాళ్లు కట్టి ఒళ్లె పెట్టుకో. కదిలితే నీళ్లల్లకు నూకుత, మల్ల నన్ననొద్దు," అన్నాడు.

పాత చీర ముక్కతో దాని కాళ్ళు కట్టి, మొహం నా కడుపుకు ఆనించుకున్నాను. నడిమధ్యన పుట్టి గిర్రున తిరిగినప్పుడు అది వణికింది గాని కదలలేదు. వెనుక ఒడ్డు సన్నబడుతూ పోయింది. ఆ ఇసుకలో దొరసాని నిలబడి ఇదంతా చూస్తే ఎంత బాగుండునో అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

అవతల దిగి కట్లు విప్పగానే నల్లది నా చీర మీద కక్కి, ఇసుకలో పడి పొర్లింది. మా ఆయన వెనక్కి చూడకుండా పెట్టె మోసుకుంటూ ముందు నడిచాడు.