మొక్కుకోడి కాలికి కట్టు

ఆ ఏడాది వానాకాలంలో నాకు చలిజ్వరం పట్టుకుని ఒక పట్టాన వదల్లేదు. భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున మా ఊరు. డాక్టరు ఇచ్చిన మాత్రలు నేను మింగుతుంటే, అమ్మ తన వంతుగా మా ఎర్రపుంజును ముత్యాలమ్మకు మొక్కేసింది. జ్వరం తగ్గింది. ఏది తగ్గించిందో అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

మొక్కు తీర్చే ఆదివారం ఇంకా మూడు వారాలుందనగా పుంజు కుంటడం మొదలుపెట్టింది. ఎత్తి చూస్తే పాదం కింద చింతగింజంత గడ్డ, మధ్యలో నల్లటి పొక్కు.

అమ్మ నెత్తి కొట్టుకుంది. "కుంటిదాన్ని అమ్మోరికి ఎట్ల ఇస్తం?"

పశువుల దవాఖానాలో బర్రెల మధ్య అమ్మ పక్కన, పుంజును చంకన పెట్టుకుని నిలబడ్డాను. "గింత తిప్పలెందుకు, మసాలా నూరుకోరాదు?" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. డాక్టరు గడ్డను కొద్దిగా కోసి, లోపల గట్టిపడిన చీమును గింజలా తీసి, మందు రాసి కట్టు కట్టాడు. రోజూ కట్టు మార్చమన్నాడు, తడి తగలనీయొద్దన్నాడు. ఆయన కోస్తున్నంతసేపూ అమ్మ మొహం పక్కకు తిప్పుకుని ఏడ్చింది. ఆ ఆదివారం దాని మెడ కోయించబోయేదీ ఆమే కదా! నాకేమీ బోధపడలేదు.

గంప కింద పొడిగడ్డి పరిచి పుంజును అక్కడ ఉంచాం. ఆఫీసు నుంచి రాగానే పుండు కడగడం, తుడవడం, మందు రాసి కొత్త గుడ్డ కట్టడం నా పని. మొదట్లో రెక్కలతో మొహం మీద కొట్టేది, చేతులు పొడిచేది. రానురాను పొడవడం మానేసింది.

పుండు మానుతుంటే సంతోషించాలో బెంగపడాలో తెలియలేదు. మానితే చస్తుంది. మానకపోతే బతుకుతుంది, కానీ ఆ నొప్పితో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒకరోజు కట్టు మార్చకుండా ఊరుకుందామనుకున్నాను. మళ్లీ చీము పడుతుందేమోనని భయమేసి, లేచి వెళ్లి మార్చాను.

చివరికి అమ్మనే అడిగాను. "ఇంకో పుంజును కొనిద్దామే. దీన్ని ఉంచుకుందాం."

"అమ్మోరితోటి బేరమా బిడ్డా? దీన్ని చూపిచ్చి మొక్కిన. నీకు మళ్ల జరమొస్తే నేనేడ పోవాలె?"

అంటూనే నానబెట్టిన నూకలు తెచ్చి పుంజు ముందు పోసింది. నాకు కోపం ముంచుకొచ్చింది, ఎవరి మీదో మాత్రం తెలియలేదు. నా ప్రాణం కోసం అంత భయపడే మనిషిని ఏమనగలను?

ఆదివారం పొద్దున అమ్మ పుంజు పాదం తిప్పి చూసింది. చిన్న మచ్చ తప్ప ఏమీ లేదు. "నీ చెయ్యి మంచిది బిడ్డా" అని మనసారా మెచ్చుకుంది. దాని మీద పసుపునీళ్లు చల్లి, ఎత్తుకొమ్మంది. గుడి దగ్గర అప్పటికే డప్పులు మోగుతున్నాయి.

నేను చేతుల్లోకి తీసుకుంటే అది గింజుకోలేదు, అరవలేదు. కట్టు మార్చడానికనుకుందేమో, కాలు చాపి నా అరచేతిలో పెట్టింది.