గుంత దగ్గర సిలాసు గొంతు

సిలాసు నోట్లో నాలుక లేని మనిషి. కమఠాణలో మా చర్చి మైకు, ఫ్యాన్లు, లైట్లు అన్నీ అతని చేతి పనే. ఆదివారం ప్రకటనలు చదివేదీ అతనే. ఏ సంగతైనా సరే, ముందు "అందరికి వందనాలు" అనాలి, ఆ తర్వాతే అసలు మాట. ఒకసారి కరెంటు కొట్టి స్టూలు మీద నుంచి కిందపడ్డాడు. పరుగెత్తుకొచ్చిన పాస్టరుగారికి ముందు వందనాలు చెప్పి, అప్పుడు చెయ్యి కాలిందన్నాడు. దాన్ని చెప్పుకుని ఏళ్లకేళ్లు నవ్వుకున్నాం. ఆ అలవాటు ప్రాణాల మీదికి తెస్తుందని నేనైతే అనుకోలేదు.

నేను బీదర్ దారిలో ఉన్న భీమ్‌రావ్ సావుకారు పప్పు మిల్లులో గుమస్తాను. ట్రాలీల్లో వచ్చిన కందులను అక్కడ ఒక లోతైన గుంతలో పోస్తారు. అడుగున తిరిగే పట్టాకు బిగించిన ఇనుప డబ్బాలు వాటిని తోడుకుని పైఅంతస్తుకు తీసుకుపోతాయి. గుంత మీద ఇనుప జాలీ ఉంటుంది. చెత్త అడ్డం పడినప్పుడల్లా ఆ జాలీ తీస్తారు, తిరిగి పెట్టడం మరిచిపోతారు. అలా ఒకసారి శ్రీశైల్ అనే హమాలీ అందులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు పట్టా ఆగి ఉంది కాబట్టి మనిషి దక్కాడు.

గుంత పక్క నుంచే ఆడవాళ్లు పొట్టు మూటలు షెడ్డుకు మోస్తారు. పొట్టు మూట బరువుండదు గానీ మంచమంత వెడల్పు ఉంటుంది, నెత్తిన పెట్టుకుంటే కళ్ల మీదికి వేలాడుతుంది. కాళ్ల కింద ఏముందో కనబడదు. ఆ మూటలు మోసేవాళ్లలో సిలాసు భార్య లీయా కూడా ఉంది.

శ్రీశైల్ పడ్డాక సావుకారు సిలాసును పిలిపించాడు. మనిషి కదిలితే పసిగట్టే సెన్సరు, గొంతు రికార్డు చేసి పెడితే దానితో మోగే మాటల బోర్డు, ఒక స్పీకరు తెప్పించి చేతిలో పెట్టాడు.

"నీ గొంతు మంచిగుంటది సిలాసు. మాట నువ్వే చెప్పు" అన్నాడు.

సిలాసు ఒక రోజంతా ఆ పని మీదే ఉన్నాడు. తలుపు పక్క స్తంభానికి రొమ్మెత్తులో సెన్సరు బిగించాడు. ఎర్ర వైరు, నల్ల వైరు కరెంటుకు ఇచ్చి, పసుపుపచ్చ వైరును మాటల బోర్డుకు కలిపాడు. మిషను వేడికే సెన్సరు ఉత్తుత్తినే మోగుతుంటే, పైపు ముక్క కోసి దాని ముందు గొట్టంలా తొడిగాడు. ఇక గుంత వైపు వెళ్లే దారి తప్ప దానికి మరేదీ కనబడదు. సెన్సరు నుంచి గుంత అంచుకు ఏడడుగులు. టేపు పెట్టి రెండుసార్లు కొలిచాడు. అన్నీ కొలిచిన మనిషి తన మాట పొడుగు మాత్రం కొలవలేదు. బోర్డు మీది బటన్ నొక్కి పట్టుకుని, గొంతు సవరించుకుని, ఆదివారం గొంతుతో పలికాడు.

"అక్కలకు, అన్నలకు వందనాలు. దయచేసి వినగలరు. ముందర గుంత ఉన్నది, ఆగగలరు."

మేమందరం మెచ్చుకున్నాం. నేను కూడా మెచ్చుకున్నాను, దాచడమెందుకు?

మర్నాడు పొద్దున బగ్దల్ నుంచి ట్రాలీ వచ్చింది. చెత్త తీయడానికి జాలీ లేపారు. పట్టా మాత్రం ఆపలేదు. సిలాసు అవతలి గోడకు నిచ్చెన వేసుకుని స్పీకరు వైరుకు క్లిప్పులు కొడుతున్నాడు. నేను ట్రాలీ దగ్గర ఉన్నాను. ఆ రోజు మొదటి పొట్టు మూట లీయాదే.

సెన్సరు మీద ఎర్రదీపం వెలిగింది. స్పీకరు అందుకుంది.

"అక్కలకు, అన్నలకు వందనాలు..."

మూట కింద లీయా నవ్వింది. మా వాళ్లలో ఎవరైనా వందనాలంటే జవాబివ్వకుండా పోరు, అందులోనూ అది మొగుడి గొంతు. "వందనాలు" అంది, నడుస్తూనే. మూడడుగులు. నాలుగు. స్పీకరు ఇంకా "దయచేసి" దగ్గరే ఉంది. ముందు నోరు తెరిచి ఉన్న గుంత, అడుగున టకటకమని డబ్బాలు. కేకేద్దామంటే నోరు పెగల్లేదు. నిచ్చెన మీద సిలాసు చెయ్యి చాచాడు, పెదవులు కదిలాయి. ఆ రొదలో అతని మెత్తని గొంతు పక్కవాడికైనా వినబడదు.

ఐదు. ఆరు.

"ఏయ్ లీయా! ఆగే!"

ఆ కేక పొట్టు ఊడ్చే జగదేవిది. మిల్లంతా అదిరింది. లీయా గాల్లో లేచిన కాలు వెనక్కి లాక్కుని, మూటతో సహా వెల్లకిలా పడింది. చెప్పు మాత్రం జారి గుంతలోకి పోయింది. అప్పటికి స్పీకరు తీరిగ్గా "ఆగగలరు" అంది.

పట్టా ఆపేలోపే డబ్బాల్లో పైకి పోయిన చెప్పును పైఅంతస్తు నుంచి ఎవరో కిందికి పారేశారు. అది రెండు ముక్కలై ఉంది.

జగదేవి చీపురు విసిరికొట్టింది. "సావు ముంగట పెట్టుకొని వందనాలేందన్నా? ముందుగాల ఆగుమనాలె గదా!"

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. సిలాసు నిచ్చెన దిగి చెప్పు ముక్కలు ఏరుకున్నాడు. నాకు అతని మీద కోపమొచ్చింది, అంతకంటే ఎక్కువ నా మీద వచ్చింది.

"ఆపిన మిషను మళ్ల చాలు చెయ్యిరి, ట్రాలీ నిలబడ్డది" అన్నాడు సావుకారు.

సిలాసు నేరుగా మెయిన్ స్విచ్ దగ్గరికి వెళ్లి, ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు.

"జాలీకి గొలుసు పడేదాక, నేను మాట మార్చేదాక, చాలు కాదు సావుకారు" అన్నాడు. ఎవరికైనా అతను కాదని చెప్పడం నేను మొదటిసారి విన్నాను. సావుకారు చెప్పు ముక్కల వైపు చూసి, గొలుసు తెమ్మని మనిషిని పంపాడు.

గొలుసు పడింది. ఇక మిగిలింది మాట. బటన్ నొక్కి, "ఏయ్..." అని, "అండి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. రెండోసారి "ఆగు" అన్నాడు గానీ బతిమాలినట్టు వచ్చింది. "నేను అరుస్త, ఇటియ్యన్నా" అంది జగదేవి. వద్దన్నాడు. తప్పు తన గొంతుదట, దిద్దుకోవాల్సింది కూడా అదేనట.

లీయా కుంటుకుంటూ వచ్చి అతని ఎదుట నిలబడింది. "నేను పడుతుంటే నిచ్చెన మీదుండి చూసినవ్ గదా. అప్పుడు నీ లోపల ఏమని అరిసినవో గదే అను."

సిలాసు కళ్లు మూసుకుని బటన్ నొక్కాడు.

"ఏయ్! ఆగు!"

గోడల మీది పావురాలు లేచిపోయాయి. బటన్ వదిలాక గోడ వైపు తిరిగి ఏడ్చాడు. మేం ఎవరమూ అటు చూడలేదు.

ఇప్పటికీ మిల్లులో ఆ గొంతే మోగుతుంది. పొట్టు మూటతో లీయా వచ్చినప్పుడల్లా "ఏయ్! ఆగు!" అని గద్దిస్తుంది. లీయా ఠక్కున ఆగుతుంది. కాలు చాచి జాలీ ఉందో లేదో తడుముకుంటుంది. ఉందని తెలిశాక మూట కింద నుంచి స్పీకరుకు "వందనాలు" చెప్పి, పక్క నుంచి నడిచిపోతుంది.