ఒక్క లైనూ వదలని మనిషి

ఇరవై ఏళ్ళు ల్యాబులో ఎముకలు పరీక్షించిన సైంటిస్టు ఆయన. పోలీసులు ఎత్తుకెళ్ళి మాయం చేసినవాళ్ళ రిపోర్టులు మార్చమని పైవాళ్ళు అడిగితే, ఉద్యోగం వాళ్ళ మొహాన కొట్టి వచ్చేశాడు. ఇప్పుడు ఆ కుటుంబాల తరఫున కోర్టుల్లో కొట్లాడుతున్నాడు. గంటకోసారి చేతులు కడుక్కుని కడుక్కుని వేళ్ళ చివర్లు పాలిపోయాయి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కాగితం ముక్కుకి ఆనించి, మొదట్నుంచి చివరిదాకా పైకే చదువుతాడు. "నచ్చింది చదివి నచ్చంది దాచడం నా పాత ఆఫీసు పని" అంటాడు.

ఆ రోజు ఎదురుగా ఒక మొగుడూ పెళ్ళాం కూర్చున్నారు. వాళ్ళ కొడుకుని పోలీసులు జీపెక్కించి మూడేళ్ళయింది. అది కళ్ళారా చూసింది తండ్రి ఒక్కడే, కేసంతా ఆయన సాక్ష్యం మీదే నిలబడింది. "దొరికిన ఎముకని మీ ఇద్దరి రక్తంతో పోల్చి చూశాం. తల్లితో సరిపోయింది" అని బయటి ల్యాబు నుంచి వచ్చిన రిపోర్టు చదివాడు సైంటిస్టు. ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆయన ఆగలేదు. "తండ్రితో సరిపోలేదు."

"సారూ, ఆ ఒక్క ముక్క మింగేస్తే మీ సొమ్మేం పోయేది?" అంది తల్లి.

"రిపోర్టులో ఉందమ్మా" అన్నాడాయన, ఆవిడ ఏమడుగుతోందో నిజంగానే అర్థంకాక.

తండ్రి లేచి చెప్పులేసుకుని గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు. "నేను ఏ జీపూ చూళ్ళేదు. ఎవణ్ణీ ఎక్కించడం చూళ్ళేదు. రాసుకో."

సైంటిస్టు పెన్ను తీసి, తేదీ వేసి, టైము వేసి, ఆ మాట పొల్లు పోకుండా రాసుకున్నాడు.